లాభం, రెండు, మూడు

మా అంగట్లో ‘లేదు’ అనే మాట వినపడదు. హిందూపురం పాత బజారులో చింతపండు, బెల్లం, ఎండుమిరప అమ్ముకుని బతికే ఇల్లు మాది. పొద్దున్నే దీపం పెట్టిన గద్దె మీద కూర్చుని లేదు, అయిపోయింది అంటే లక్ష్మి గడప దిగి వెళ్లిపోతుందని మా అత్తగారు నాకు పెళ్లైన కొత్తలోనే నేర్పింది. సరుకు అయిపోతే ‘నిండుకుంది’ అనాలి. మూటలు తూకం వేసేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనకూడదు, ‘లాభం’ అనాలి. లాభం, రెండు, మూడు, అట్లా సాగాలి లెక్క. ఈ రాజేశ్వరమ్మకు నోరెక్కువని వీధంతా అంటుంది, ఆ మాట నిజమే. కానీ ఆ నోటితో కూడా గద్దె మీద ఉండగా ఆ చెడ్డమాట అన్న పాపాన పోలేదు.

మా ఆయన జయరామ్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. నాకు గద్దె మీదే పట్టింపు, ఆయనకు ఇంట్లో కూడా పట్టింపే. కూర చాలకపోతే ‘నిండుకుందా’ అంటాడు. ఎవరైనా వచ్చి ఫలానా వాడు వచ్చాడా అని అడిగితే, రాకపోయినా ‘వస్తాడు’ అంటాడు. జ్వరమొస్తే ఒళ్లు వెచ్చబడింది అంటాడు. చెడ్డమాట పలికితే అది విని ఇంటికి వస్తుందని ఆయన భయం. ఎంత వెక్కిరించినా మారలేదు, నేనూ వెక్కిరించడం మానలేదు. పోయిన వేసవిలో మా ఇంట్లో జరిగిందంతా ఆ భయంలోంచి పుట్టిందే.

ఉగాది వెళ్లాక మా అమ్మాయి ప్రియదర్శిని ఏడో నెలతో ధర్మవరం నుంచి పుట్టింటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా పాత వ్యాను బజారు మధ్యలో ఆగిపోయి ఇక లేవనని మొండికేసింది. సరుకుకు ఆటోలు ఉన్నాయి, ఇబ్బంది లేదు. ఇంటికి మాత్రం ఒక బండి కావాలి. పరీక్షలకు పోవాలి, రేపు కాన్పుకు పోవాలి, ఆ తర్వాత పసిబిడ్డను పెట్టుకుని ధర్మవరానికీ ఇక్కడికీ తిరగాలి.

వీధి చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు పౌలు బెంగళూరులో పాత కార్లు కొని తెచ్చి బాగుచేసి అమ్ముతుంటాడు. ఒకరోజు పొద్దున అతను రెండు కార్లు తెచ్చి మా అంగడి ముందు నిలబెట్టాడు. ఒకటి తెల్లది. అయిదుగురు సుఖంగా కూర్చోవచ్చు, వెనక డిక్కీలో రెండు మూటలు పడతాయి, సన్న సందుల్లో కూడా తిరుగుతుంది. రెండోది ఎర్రది. రెండే తలుపులు, రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి తోసేయొచ్చు. నేలను కరుచుకుని ఉంది.

“ఎర్రది ఊరికే చూపిద్దామని తెచ్చినా అన్నా. బెంగళూరులో ఒక సారుది, బో మోజుపడి కొని మూలన పెట్టినాడు,” అన్నాడు పౌలు. “మా షెడ్డుకు రేకులు మారుస్తాండా. రెండూ మీ గోదాములో పెట్టుకోండి రోన్నాళ్లు. తిప్పి చూసుకుని ఏది కావాలో చెప్పండి.”

బజారంతా మా అంగడి ముందరే చేరింది. మా దగ్గర తూకం వేసే పాపన్న ఎర్రదాని తలుపు తీసి, వంగి, లోపలికి తొంగి చూసి, నడుము పట్టుకుని లేచాడు.

“ఇది ఎక్కే బండి కాదు సెట్టీ, దిగే బండి,” అన్నాడు. అందరూ నవ్వారు.

మా ఆయన నవ్వలేదు. కారు చుట్టూ మెల్లగా తిరిగాడు. చేత్తో దాని అంచు తడుముతూ, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు. ఆయనకు ఆ రకం కార్ల మీద మోజు ఈనాటిది కాదు. గద్దె వెనక బీరువా తలుపుకు లోపలివైపు లక్ష్మీదేవి పటం ఉంటుంది, దాని పక్కనే ఏదో క్యాలెండరులోంచి కత్తిరించిన ఎర్రకారు బొమ్మ. రోజూ అమ్మవారికి పెట్టే కుంకుమ రాలి రాలి ఆ కారుకు కూడా బొట్టు పడిపోయింది. అది మా ఇంట్లో పాత వేళాకోళం. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు.

“ఎర్రది తీసుకుందాం,” అన్నాడు.

వేళాకోళమే అనుకున్నాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా అదే మాట అన్నాడు. అప్పుడు నా నోరు లేచింది.

“రెండు సీట్లకు ఇల్లెట్ల సరిపోతాది? కడుపుతో ఉండే పిల్ల యాడ కూచుంటాది? నా నెత్తి మీదనా?”

“నాయనా, నేను దాంట్లో కూచుంటే మళ్ల పైకి లేపేదానికి హమాలీలు రావాల,” అంది ప్రియ నవ్వుతూ.

ధర్మవరం నుంచి అల్లుడు కృష్ణకాంత్ ఫోనులో వంత పాడాడు. వాళ్లది పట్టుచీరల అంగడి, ప్రతిదీ మడతపెట్టి ఎంత చోటు పడుతుందో చూసే మనిషి. “మామా, తెల్లదైతే చీరల మూటలు గూడా వేసుకోవచ్చు. రేపు పాపో బాబో పుట్టినాక ఎర్రదాంట్లో యాడ పెడతారు చెప్పండి. దాని కడుపు మన స్పీడ్ బ్రేకర్లకే ఆనుకుంటాది.”

అందరం చెప్పిందీ న్యాయమే. మామూలుగా అయితే మా ఆయన పక్కింటివాడు ఎడమకు తిరగమన్నా తిరిగే మనిషి. నోట్లో నాలుక లేనివాడని ఆయనకు పేరు, ఆ నాలుక కూడా నాకే వచ్చిందని నాకు పేరు. ఆరోజు మాత్రం కంచంలో వేలితో గీతలు గీస్తూ ఒక్కటే అన్నాడు.

“ఈ ఎండాకాలం ఒక్కటి నా మాట వినండి. మళ్ల మీ ఇష్టం.”

ఎందుకు అంటే చెప్పడు. రోజులు గడిచే కొద్దీ నాకు ఒళ్లు మండింది. చింతపండు సీజను, మార్కెట్ యార్డు నిండా మూటలు, ఊపిరాడని పని. ఆయనేమో ఎండ నెత్తిన పడేసరికి గోదాములోకి పోయి ఆ ఎర్రకారులో కూర్చుంటున్నాడు. నడపడు, తాళంచెవి కూడా తిప్పడు. చక్రం పట్టుకుని ఊరికే కూర్చుంటాడు. ఒక మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి పోయాను. గోదాము రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా ఆయన మీద పడుతోంది.

“అన్నం చల్లారిపోతాంది,” అన్నాను.

ఆయన నావైపు తిరగకుండానే, “రాజీ, కండ్లు నిండుకుంటాండాయే,” అన్నాడు.

చూస్తే నిజంగానే కళ్లలో తడి. నాకు జాలి కలిగింది, జాలి కలిగితే నాకు ఇంకా నోరు లేస్తుంది. “ముసలోనికి దసరా పండగంట. కారు కోసరం కండ్లనీళ్లు పెట్టుకునే మొగోన్ని మిమ్మల్నే చూస్తాండా. లేచి రాండి,” అన్నాను. ఆయన కాసేపు నన్నే చూసి నవ్వాడు. కండువాతో కళ్లు తుడుచుకుని నా వెంట వచ్చాడు. మెట్టు దగ్గర కాలు తడబడితే నా భుజం పట్టుకున్నాడు. కోపం తగ్గిందిలే అనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని చూశాను గానీ, చూసినట్టు తెలియలేదు. సాయంత్రం దీపాల వేళకు గద్దె దిగి ఇంటికి వచ్చేసేవాడు. తలుపు పక్కన ఎప్పటి నుంచో ఉన్న మిరప మూటకు భుజం తగిలించుకున్నాడు. కంచం పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసు ఒకటికి రెండుసార్లు ఒలికించాడు. అలక అనుకున్నాను. అరవై దాటాక అలకేమిటని సణిగాను.

చైత్రం ఆఖర్లో ఒకరోజు నేను గద్దె మీద ఉన్నాను. మడకశిర వైపు నుంచి ఒక చిన్న వయసు ఆవిడ వచ్చింది. ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషని రెండు మాటల్లోనే తెలిసిపోయింది. చెల్లెలు బాలింత, పత్యానికి పాత చింతపండు కావాలంది.

“పాతది నిండుకునిందమ్మా,” అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. సంచి నోరు తెరిచి ముందుకు చాపింది. “అయితే రోంత ఎక్కువే ఇయ్యమ్మా.”

పాపన్న పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. “నిండుకునేదంటే నిండేది కాదు తల్లీ,” అన్నాను. “అయిపోయేది. మేం ఆ మాట నోట అనకూడదని ఇట్ల అంటాం. నిండుకునిందంటే ఇంక మిగలదని.”

మాట పూర్తయింది, నా నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోయింది. తల తిప్పి చూశాను. మా ఆయన నాకు కొంచెం ఎడంగా చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎడమచేయి చాప మీద మెల్లగా వెతుక్కుంటోంది. నీళ్ల చెంబు మోకాలి పక్కనే ఉంది. చేయి దాన్ని దాటిపోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ దాటిపోయింది. పాపన్న తూకం దగ్గర నుంచే కాలితో చెంబును ఆ చేతి కిందికి జరిపాడు. ఇలా జరపడం అతనికి కొత్త కాదని ఆ జరపడంలోనే తెలిసింది.

ఆవిడకు కొత్త చింతపండు కట్టి ఇచ్చి పంపించాను.

మధ్యాహ్నం అంగడి తలుపులు మూశాక గోదాములోకి పోయాను. ఆయన ఎప్పటిలాగే ఎర్రకారులో ఉన్నాడు. రెండో తలుపు తీసి, వంగి, కిందికి కిందికి దిగి పక్క సీట్లో కూర్చున్నాను. నేను అందులో కూర్చోవడం అదే మొదలు.

“ఉగాదికి ముందు బెల్లం పని ఉండాదని పుట్టపర్తికి పోతిరే. అది కండ్ల డాక్టరు దగ్గరికేనా?”

ఆయన తల ఊపాడు. “నీకు చెప్పితి గదా రాజీ, ఈడనే. నువ్వు నవ్వితివి. నవ్వనీ, నవ్వితేనే మంచిది అనుకుంటి.”

“డాక్టరు ఏమన్నాడు?”

“పక్కలు తరిగిపోతాండాయి. ఎడమది జాస్తి. నడిమధ్యన మాత్రం బాగుండాది. పోయింది మళ్ల రాదంట, మిగిలింది నిలబెట్టేదానికి చుక్కలమందు ఇచ్చినాడు. రాత్రిపూట స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. పగలు ఎన్నాళ్లు తోలొచ్చో మళ్ల పరీక్ష చేసి చెప్తాడంట.” చక్రం మీద చేయి వేసి నిమిరాడు. “కడుపుతో ఉండే బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు ఆ మాట ఎట్ల అనేది? తెల్లబండి ఎప్పుడైనా వస్తాది, ఎవురైనా తోల్తారు. ఇది నేను తోలాలంటే ఈ ఎండాకాలమే.”

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోవాలనుకోలేదు. ముప్పయ్యేళ్లకు పైగా ఒకే గద్దె మీద పక్కపక్కన కూర్చున్న మనిషి కళ్లు పోతుంటే, మా ఇంటి మాటతో మా ఇంట్లోనే నాతో చెబితే, నాకు అర్థం కాలేదు. మడకశిర ఆవిడకు అర్థం కాలేదంటే న్యాయం ఉంది, ఆమె ఇంటి భాష వేరు.

ఆరోజు రాజీ అనే ఈ గయ్యాళి ఓడిపోయింది. ముక్కు తుడుచుకుని అన్నాను. “ఎర్రదే తెద్దాం. పిల్లకు ఆటో ఉండాది, ధర్మవరానికి బస్సుండాది. నేనే ఈ సీట్లో కూచుంటా. ఎడమ పక్క ఏమొచ్చినా నేను చెప్తా.”

ఆయన నవ్విన నవ్వు చూసి, ఈ మాట ముందే అని ఉంటే బాగుండేదనిపించింది.

తెల్లవారి ఎండ ముదరకముందే బయలుదేరాం. పెనుకొండ దాకా పోయి వద్దామన్నాడు. ప్రియకు ఊరికే తిప్పి చూడడానికని చెప్పాం. పౌలు పైకప్పు మడిచి వెనక్కి తోసి, “అక్కా, చీరకొంగు లోపల పెట్టుకోండి,” అని నవ్వుతూ పంపించాడు. ఊళ్లో ఉన్నంతసేపు ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఆయన బండిని అడ్డంగా తిప్పి, పసిపిల్లను మెట్టు దించినట్టు దించాడు. పాల కేంద్రం ముందర నిలబడ్డ ఆడవాళ్లు చెంబులు పట్టుకుని మమ్మల్నే చూశారు. నాకు సిగ్గేసింది, కొంచెం గర్వం కూడా.

ఊరు దాటాక ఆయన కాలు నొక్కాడు. నెత్తి మీద ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. గాలి చెవుల్లో హోరెత్తింది, కొంగు లాక్కుంది, ముడి ఊడదీసింది. నేను అరవబోయి నవ్వాను. “ఎడమ పక్క లారీ,” అన్నాను. “ఎడమ పక్క ముసలాయన సైకిలు.” “సరే,” “సరే,” అన్నాడాయన. సోమందేపల్లి దాటి పెద్దరోడ్డు ఎక్కాం. కార్ల ఫ్యాక్టరీకి పనివాళ్లను మోసే బస్సులు ఎదురొచ్చాయి, కిటికీల్లోంచి కుర్రాళ్లు చేతులు ఊపారు. ఆయనా ఊపాడు. కొండ కనబడగానే పెద్దరోడ్డు వదిలి ఊరి దారి పట్టాడు. నేను ఆయన మొహం వైపు చూశాను. పెళ్లిచూపుల్లో కూడా ఆ మనిషి అంత నిదానంగా, అంత సంతోషంగా లేడు. అట్లా చూస్తూ ఉండిపోయాను. ఎడమ పక్కకు చూడాల్సింది నేను.

ఎందుకో తల తిప్పాను. రోడ్డు పక్క గుంతలోంచి గొర్రెలు ఎక్కి వస్తున్నాయి.

“గొర్రెలు,” అన్నాను. ఆయన చేతిని గట్టిగా పట్టుకున్నాను.

ఆయన తొక్కిన తొక్కుడుకు బండి కీచుమని జారి, అడ్డం తిరిగి, ఆగింది. దుమ్ము మా మీదికే వచ్చి పడింది. దుమ్ము తగ్గాక చూస్తే, బండి మూతికి జానెడు దూరంలో ఒక గొర్రెపిల్ల నిలబడి మమ్మల్ని చూస్తూ అరుస్తోంది. మిగతా మంద దాన్ని దాటుకుని రోడ్డు అవతలికి పోతోంది. వేటికీ ఏమీ కాలేదు. ఆ పిల్ల వెనకే, దాన్ని అందుకోవడానికి వంగిన మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. బండి ఇంకొంచెం పోయి ఉంటే ఆ మనిషి తలకే తగిలేది.

ఆ మనిషి లేచాడు. కర్ర పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. పేరు ఓబుళప్ప అని తర్వాత తెలిసింది. రోడ్డు మీద ఎవరైనా అడిగే మాటే అడిగాడు.

“ఏమప్పా, కండ్లు కనపడ్లేదా?”

మా ఆయన చక్రం మీద నుంచి చేతులు తీసి ఒడిలో పెట్టుకున్నాడు. అతని మొహంలోకి సూటిగా చూశాడు.

“కనపడ్లేదప్పా,” అన్నాడు.

మా ఆయన నోట లేదనే మాట వినడం నాకు అదే మొదటిసారి.

ఓబుళప్ప కర్ర దించాడు. ఇంకో తిట్టు నోటిదాకా వచ్చి ఆగిందని తెలుస్తూనే ఉంది. కాసేపు మా ఆయన కళ్లకేసి చూసి, “దిగప్పా, నీడకు రా. ఎండ ఎక్కుతాంది,” అన్నాడు.

వేపచెట్టు కింద కూర్చున్నాం. ఓబుళప్ప తన సీసాలోని మజ్జిగనీళ్లు ఇచ్చాడు. మా ఆయన తాగి, మూతి తుడుచుకుని, ఆ గొర్రెపిల్లను ఒకసారి ఇమ్మని అడిగాడు. ఒడిలో పెట్టుకుని, దాని తలను రెండు చేతులతో పట్టి తన మొహానికి ఎదురుగా తెచ్చుకుని చూశాడు. ఎందుకని ఓబుళప్ప అడగలేదు. నేను పౌలుకు ఫోను చేసి, వచ్చి బండి తీసుకుపొమ్మని చెప్పాను. ఎర్రకారు ఎండలో తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. అది చాలా అందమైన బండి, ఆ మాట నేను ఒప్పుకోవాలి.

“పెద్ద పరీక్ష అయిపోయింది రాజీ,” అన్నాడు చివరికి. “డాక్టరు చేసేది ఇంకేముండాది.”

“మీరు తప్పు చేసింది ఏం ఉండాది? చూడాల్సింది నేను గదా.”

“నా కండ్లు నువ్వు ఎంతకాలమని మోస్తావు?” తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. “దీన్ని పౌలుకు ఇచ్చేయ్. తెల్లదాని తాళం నువ్వు తీసుకో. నువ్వే నేర్చుకో.”

“ఈ వయసులో నేనా? కాళ్లు అందుతాయా నాకు?”

“దిండు వేస్కో,” అన్నాడు.

ఎర్రకారును పౌలు బెంగళూరుకు తీసుకుపోయే పొద్దున, మా ఆయన పూజ ముగించుకుని కుంకుమ వేలితోనే బయటికి వచ్చి దాని ముందుభాగం మీద ఒక బొట్టు పెట్టాడు. తెల్లదానికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చి ఇంటిది చేసుకున్నాం. ఆ రాత్రే ప్రియకు విషయం చెప్పాడు. చెడ్డమాట ఒకటి అనడం వచ్చాక ఆయనకు రెండోది కష్టం కాలేదు. పిల్ల ఏడ్చింది, ఆయన చేయి తీసి తన కడుపు మీద పెట్టుకుంది, కాసేపటికి ఇద్దరూ నిద్రపోయారు.

సీజను తగ్గి మార్కెట్ యార్డు ఖాళీ అయ్యాక నా చదువు మొదలైంది. చింతపండు వాసన వదలని ఆ సిమెంటు నేల మీద, నడుము కింద దిండు వేసుకుని నేను చక్రం ముందు, ఎడమ సీట్లో ఆయన. క్లచ్చు అంటే కాలు, గేరు అంటే చేయి, రెండూ ఒక్కసారి కదలవు నాకు. బండి ఎగిరి ఎగిరి ఆగిపోతుంది. పాపన్న యార్డు గోడ మీద కూర్చుని, “అమ్మా, అది కారా, మేకపోతా?” అనేవాడు. నేను తిట్టేదాన్ని. మా ఆయన మాత్రం విసుక్కోలేదు. గేరు మార్చాల్సిన చోట తూకం వేసేటప్పటి గొంతుతో చెప్పేవాడు.

“లాభం వెయ్. ఆ... మెల్లగా వదులు. ఇప్పుడు రెండు. ఆ... మూడు.”

ఒకటో గేరును ఒకటి అనడానికి ఆయనకు నోరు రాలేదు. నాకూ అట్లానే వచ్చింది. లైసెన్సు పరీక్ష పెట్టిన ఆఫీసరు, “ఫస్టు గేర్లో పోనీండమ్మా,” అంటే ఒక్కక్షణం తెల్లమొహం వేశాను. ఏ గేరో తెలిశాక నవ్వుకుని బండి పోనిచ్చాను.

మొదటి వానలు పడే ముందు ప్రియకు ఆడపిల్ల పుట్టింది. హిందూపురంలోనే నర్సింగ్ హోము. అల్లుడు ధర్మవరం నుంచి పరిగెత్తుకుని వచ్చాడు. అందరూ చూశాక ప్రియ బిడ్డను తండ్రి ఒడిలో పెట్టబోతే, ఆయన రెండు చేతులూ చాపి ఆపాడు.

“ఎదురుగా పట్టుకోమ్మా. నడిమధ్యన.”

ప్రియ అట్లాగే పట్టుకుంది. ఆయన వంగి చాలాసేపు చూశాడు. నుదురు చూశాడు, ముక్కు చూశాడు, మూసుకున్న గుప్పిళ్లు చూశాడు. ఆయన కళ్లు నిండాయి. ఈసారి అవి కన్నీళ్లే, అందులో నాకు అనుమానం లేదు.

“కనపడతాంది,” అన్నాడు.

ఇంటికి బయలుదేరాం. వెనక సీట్లో అల్లుడు, ప్రియ, గుడ్డల్లో చుట్టిన బిడ్డ. ముందు ఎడమ సీట్లో ఆయన, చక్రం ముందు దిండు మీద నేను. బండి గేటు దాటి బజారు రోడ్డులోకి సగం వచ్చి ఆగిపోయింది. వెనక ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. ఎవడో తల బయటపెట్టి నన్ను ఏదో అన్నాడు. బిడ్డ లేచి ఏడవసాగింది. గేరు కర్ర నా చేతికి చిక్కలేదు.

“అత్తా, నేను తోలేదా?” అన్నాడు అల్లుడు వెనక నుంచి.

“వద్దప్పా,” అన్నాడు మా ఆయన. “ఆమె తోల్తాది.”

ఆయన అటూ ఇటూ చూడలేదు. చూసినా కనబడదు. ముందున్న రోడ్డు కేసి, తనకు మిగిలిన ఆ నడిమధ్యకే చూస్తూ, గద్దె మీద కొత్త సీజను మొదటి మూట తూకానికి ఎత్తేటప్పటి గొంతుతో నెమ్మదిగా చెప్పాడు.

“లాభం.”

నేను ఎడమ పక్కకు చూశాను, కుడి పక్కకు చూశాను. గేరు వేసి కాలు మెల్లగా వదిలాను. బండి కదిలింది.

“రెండు,” అని ఈసారి నేనే అన్నాను.